రాయి ఎక్కడ ఆగుతుంది, గుల్ల ఎక్కడ మొదలవుతుంది

పూజగదిలో సాలగ్రామం ఉన్న ఇళ్లవాళ్లకు అమ్మోనైట్‌ను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. నేపాల్‌లో ముక్తినాథ్ దగ్గర కాళీగండకీ నదిలో దొరికే ఆ నల్లరాళ్లలో చాలావాటి లోపల కనిపించే చక్రం ఒక సముద్రజీవి గుల్ల అచ్చు. పైకి నత్తగుల్లలా చుట్టలు తిరిగి ఉన్నా, ఆ జీవి నత్తకన్నా ఆక్టోపస్‌కే దగ్గరి చుట్టం. హిమాలయాలు ఇంకా లేని కాలంలో అక్కడున్న సముద్రపు బురదలో పూడిపోయి, రాయిగా మారి, ఇప్పుడు కొండల్లోంచి నదిలోకి జారిపడుతోంది. నది ఆ గుండ్లను దొర్లిస్తుంది, అరగదీస్తుంది, కొన్నిటిని పగలగొడుతుంది. అలా చక్రం బయటపడుతుంది. ఇదే పనిని నదికి వదిలేయకుండా, ఇంటి వెనక షెడ్డులో బల్ల వేసుకుని చేతులతో చేసుకునేవాళ్లు ఇంగ్లండ్‌లో, జర్మనీలో, అమెరికాలో చాలామందే ఉన్నారు. వాళ్లకదో కాలక్షేపం. ఖర్చుతో, దుమ్ముతో, అంతులేని ఓపికతో కూడిన కాలక్షేపం.

ఇది ఎలా జరుగుతుందో చూడాలంటే ఇంగ్లండ్ దక్షిణ తీరానికి పోవాలి. అక్కడ లైమ్ రీజిస్, చార్మౌత్ అని పక్కపక్కనే రెండు చిన్న ఊళ్లున్నాయి. 155 కిలోమీటర్ల మేర సాగే ఆ తీరాన్ని 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సముద్రం మీదికి నిట్టనిలువుగా నిలబడ్డ బూడిదరంగు కొండలు అవి. దాదాపు 20 కోట్ల ఏళ్లనాటి బురద పొరలు, సున్నపురాయి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. చలికాలపు తుపానులకు కొండ విరిగి పడుతుంది, అలలు బురదను కడిగేస్తాయి, గట్టి గుండ్లు ఒడ్డున మిగులుతాయి. వదులుగా పడి ఉన్నవాటిని ఎవరైనా ఏరుకోవచ్చు. కొండను తవ్వకూడదు. శాస్త్రానికి పనికొచ్చే అరుదైనదేదైనా దొరికితే చార్మౌత్‌లోని కేంద్రంలో నమోదు చేయించాలని అక్కడొక కట్టుబాటు కూడా ఉంది. పోలీసులు కాపలా కాసి అమలుచేసేది కాదది. ఏరుకునేవాళ్లు తమంతట తాము పాటించేది.

1799లో లైమ్ రీజిస్‌లో పుట్టిన మేరీ ఆనింగ్ కథ ఈ ఒడ్డుదే. చెక్కపని చేసుకునే వడ్రంగి కూతురు. శిలాజాలు ఏరి, శుభ్రం చేసి, అమ్ముకుని బతికింది. ఇక్తియోసార్, ప్లీసియోసార్ లాంటి సముద్ర సరీసృపాల అస్థిపంజరాలను లోకానికి చూపింది ఆవిడే. ఆమె వెంట తిరిగే ట్రే అనే కుక్క 1833లో ఆమె కళ్లముందే కొండచరియ కింద పడి చచ్చిపోయింది. రెండు వందల ఏళ్లు కావస్తున్నా ఆ ప్రమాదం అలాగే ఉంది. లండన్ నుంచి పిల్లల్ని వెంటేసుకుని అక్కడికి వెళ్లే మనవాళ్లు కొండ మొదట్లో కూర్చుని పులిహోర పొట్లాలు విప్పకుండా, నీళ్లవైపే ఉండటం మంచిది. పోటు వచ్చే వేళ చూసుకోవడమూ అవసరమే.

ఇక గుండు సంగతి. అమ్మోనైట్ ఎక్కడో రాయిలో ఇరుక్కుపోయిందని మనం అనుకుంటాం. నిజానికి చాలాసార్లు ఆ రాయి తయారైందే దానివల్ల. చచ్చిన జీవి మెత్తటి బురదలో కుళ్లేటప్పుడు, ఆ కుళ్లబెట్టే సూక్ష్మజీవుల వల్ల చుట్టూ ఉన్న నీటి రసాయన స్థితి మారుతుంది. నీటిలో కరిగి ఉన్న సున్నం దాని చుట్టూ పేరుకుని, మట్టి రేణువులను కలిపి సిమెంటులా బిగిస్తుంది. తర్వాత పైన పడ్డ బరువుకు మిగతా బురదంతా అణిగి పలచటి పలకలైపోయినా, ఈ గుండు మాత్రం అణగదు. అందుకే గుండులోని గుల్ల నలగకుండా ఉబ్బెత్తుగా నిలిచి ఉంటుంది. పక్కనే పలకల మధ్య దొరికే గుల్ల కాగితంలా అణిగిపోయి ఉంటుంది. కాపాడిన రాయే ఇప్పుడు అడ్డు. దాన్ని తీయాలి, లోపలిదాన్ని గాయపరచకుండా.

దానికి వాడే పద్ధతులు చాలా ఉన్నాయి కానీ అన్నిటి వెనకా ఉన్న కిటుకు ఒకటే. రాయికీ శిలాజానికీ మధ్య ఏదో ఒక తేడా ఉండాలి. గట్టిదనంలో తేడా, పట్టులో తేడా, రసాయన గుణంలో తేడా. ఏ తేడా ఉందో కనిపెట్టి దాన్ని వాడుకోవడమే ఈ విద్య. ఏ తేడా లేని రాయిని దేవుడు కూడా శుభ్రం చేయలేడని ఈ పని చేసేవాళ్లు నవ్వుతూ ఒప్పుకుంటారు. అలాంటి రాళ్లు ఎన్నో ఉన్నాయి, వాటిని బల్ల కింద పెట్టేయడమే. కొత్తవాళ్లు పనిముట్ల జాబితాతో మొదలుపెడతారు. రాయితో మొదలుపెట్టాలి.

పట్టులో తేడా అన్నిటికన్నా సుఖమైనది. గుల్ల ఉపరితలానికీ దాని చుట్టూ ఉన్న రాయికీ మధ్య కంటికి కనిపించని బలహీనమైన పొర ఉంటే, పండిన చింతకాయ పెంకు గుజ్జును వదిలినట్టు రాయి దానంతటదే పెళుసుగా ఊడి వస్తుంది. పచ్చికాయలా అంటుకుని ఉంటే మాత్రం ఇక చెక్కుకోవలసిందే. ఒకే ఒడ్డున దొరికినా, ఒక పొరలోని గుండ్లు సులువుగా వదులుతాయి, మరో పొరవి ప్రాణం తీస్తాయి. ఈ సంగతి పుస్తకాలకన్నా ఆ ఊళ్లో పాతికేళ్లుగా తిరుగుతున్నవాళ్లకే బాగా తెలుస్తుంది.

చార్మౌత్ గుండు ఒకదాన్ని తీసుకుందాం. అరచేతిలో పట్టేంత బూడిదరంగు రాయి. అంచున ఒకచోట గోధుమరంగు గీత, ఆ గీతకు అడ్డంగా సమదూరంలో చిన్న చిన్న గట్లు. గుల్ల వీపు అంతవరకే బయటపడిందన్నమాట. ఆ గీత ఎటు వంగుతోందో చూస్తే లోపల గుల్ల ఏ వాలులో పడుకుని ఉందో, ఎంత పెద్దదో అంచనా కట్టవచ్చు. ఇక్కడ తొందరపడి సుత్తితో కొడితే రాయి తనకిష్టమైన చోట పగులుతుంది. రాయికిష్టమైన చోటు సాధారణంగా గుల్ల ఉన్న చోటే, ఎందుకంటే బలహీనమైన పొర అక్కడే ఉంది. చాలా అమ్మోనైట్లు అలా రెండు ముక్కలుగానే బయటికి వస్తాయి. అదేమంత ఘోరం కాదు. ముక్కలేవీ పోగొట్టుకోకుండా, పగిలిన అంచులను తాకి రుద్దకుండా, శుభ్రంగా తిరిగి అతికించి, అప్పుడు పైనుంచి పని మొదలుపెడతారు. ఒడ్డునే కూర్చుని ఉలితో ‘ఇంకొంచెం’ తీయబోవడమే అసలు ఘోరం.

ఇంటికి తెచ్చాక ముందు పని నీళ్లు. సముద్రపు ఒడ్డున దొరికినదానిలో ఉప్పు ఉంటుంది. అది ఆరేటప్పుడు స్ఫటికాలు కట్టి పైపొరను పెచ్చులుగా లేపుతుంది. అందుకని మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, ఉప్పును లాగేస్తారు. తర్వాత నెమ్మదిగా నీడపట్టున ఆరబెడతారు.

ఆ తర్వాత ఎయిర్ పెన్. పెన్ను సైజులో ఉండే ఈ పనిముట్టుకు కంప్రెసర్ నుంచి గొట్టం ద్వారా సుమారు 100 పీఎస్ఐ ఒత్తిడితో గాలి అందుతుంది. కొసన టంగ్‌స్టన్ కార్బైడ్ ములుకు నిమిషానికి వేల దెబ్బలు కొడుతుంది. రోడ్డు పగలగొట్టే యంత్రానికి మనవరాలనుకోండి. డబ్బులు తక్కువ ఉన్నవాళ్లు లోహం మీద పేర్లు చెక్కే కరెంటు ఎన్‌గ్రేవర్‌తో సరిపెట్టుకుంటారు. చేయి తిమ్మిరెక్కుతుంది, పని మోటుగా సాగుతుంది, కానీ సాగుతుంది. నెమ్మదస్థులకు సూదులు, దంతవైద్యుడు వాడి పారేసిన పరికరాలు చాలు.

పని తీరు ఇలా ఉంటుంది. ముందు గుల్లకు దూరంగా ఉన్న రాయిని మోటుగా తీసేస్తారు. గుల్ల మీద రెండు మూడు మిల్లీమీటర్ల పొర మిగిలాక అసలు జాగ్రత్త మొదలు. దృష్టంతా భూతద్దంలోనో, రెండు కళ్లతో చూసే సూక్ష్మదర్శినిలోనో. ములుకును గుల్లకు తగలనివ్వరు. దాని పక్కన ఉన్న రాయిని కొడతారు. ఆ అదురుకు చివరి పలచటి పొర చిన్న పెచ్చుగా టప్పున లేచి వస్తుంది, కింద గోధుమరంగు గుల్ల నిగనిగలాడుతూ కనబడుతుంది. రాయి ఎక్కడ ఆగి గుల్ల ఎక్కడ మొదలైందో అనుమానం వస్తే ఒక చుక్క నీళ్లు అద్దుతారు. తడిస్తే రంగుల తేడా స్పష్టమవుతుంది. బయటి చుట్టునుంచి లోపలికి వస్తారు. మధ్యలో ఉన్న చుట్టలు జీవి పిల్లగా ఉన్నప్పటివి, గడ్డిపరక మందాన ఉంటాయి, రాయి వాటి మధ్య లోతుగా దిగి ఉంటుంది. అక్కడ పొరబడితే గుల్ల ముఖమే పోతుంది. ములుకు జారి పడ్డ తెల్లమచ్చను ఏ పాలిషూ దాచదు.

పెన్నుతో తీయలేని సందుల్లోకి దుమ్ము చిమ్మే యంత్రం వస్తుంది. మెత్తటి పొడిని గాలితో సన్నని ముక్కులోంచి చిమ్మి రాయిని అరగదీయడమే. వంటసోడా మెత్తన, డోలమైట్ పొడి కాస్త గట్టిది. గుల్లకన్నా మెత్తగా, రాయికన్నా గట్టిగా ఉన్న పొడి దొరికితే పని నల్లేరు మీద బండి. గట్టిదనంలో తేడా అంటే ఇదే. దీన్ని గాజు మూత ఉన్న పెట్టెలో, చేతులు లోపలికి పెట్టి చేయాలి.

రసాయనాల దగ్గరికి వస్తే చాలామంది పప్పులో కాలేస్తారు. ‘వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టండి, రాయి కరిగిపోతుంది’ అనే సలహా ఎక్కడ చూసినా ఉంటుంది. కరుగుతుంది, నిజమే. వెనిగర్‌లో సుమారు 5 శాతం అసిటిక్ ఆమ్లం ఉంటుంది, సున్నపురాయి దానిలో నురగలు కక్కుతూ కరుగుతుంది. కానీ చార్మౌత్ అమ్మోనైట్ గుల్ల దేనితో తయారైంది? అదీ కాల్సైటే, అంటే సున్నపురాయిలో ఉన్న పదార్థమే. ఆమ్లానికి రెండూ ఒకటే. తెల్లారేసరికి రాయీ మిగలదు, గుల్ల మీది గట్లూ మిగలవు.

అదే ఎముకైతే కథ వేరు. ఎముకలో ప్రధానంగా ఉండేది కాల్షియం ఫాస్ఫేట్. పలచటి అసిటిక్ ఆమ్లం సున్నపురాయిని తిన్నంత వేగంగా దాన్ని తినలేదు. 1940లలో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో హ్యారీ టూంబ్స్ ఈ పద్ధతిని తీర్చిదిద్దాడు. 1858లో చార్మౌత్ కొండల్లో దొరికిన స్కెలిడోసారస్ అనే డైనోసార్ అస్థిపంజరానికి దీనివల్లే మోక్షం వచ్చింది. రిచర్డ్ ఓవెన్ దాన్ని వర్ణించి పేరు పెట్టిన నాటికి చాలా ఎముకలు గట్టి సున్నపురాయిలోనే ఉన్నాయి. వందేళ్ల తర్వాత, 1960ల నుంచి, ఆమ్లపు తొట్లలో ఆ రాయిని కరిగించాక ఎముకలు విడివిడిగా చేతికొచ్చాయి. అప్పుడు కూడా బయటపడ్డ ప్రతి ఎముక మీదా రక్షణగా జిగురు పూత వేయాలి, మళ్లీ ముంచాలి, ఆమ్లంలో ఉంచిన కాలానికి కొన్ని రెట్లు ఎక్కువసేపు నీళ్లలో ఉంచి కడగాలి. కడగకపోతే లోపల మిగిలిన లవణాలు స్ఫటికాలుగా పెరిగి ఎముకను చీల్చేస్తాయి. ఇంట్లో చేయదగ్గ పనేనా అంటే, ఓ చేపపొలుసు మీద చేయవచ్చు. మంచి ఎముక మీద చేయవద్దనే చెబుతాను.

మూడో రకం గుల్లలు కాలక్రమాన సిలికాగా మారినవి, అంటే చెకుముకిరాయి పదార్థంగా. వీటికి ఆమ్లమంటే లెక్కే లేదు. అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థకు చెందిన ఆర్థర్ కూపర్ టెక్సస్‌లోని గ్లాస్ మౌంటెన్స్ నుంచి టన్నులకొద్దీ సున్నపురాయి తెప్పించి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించాడు. ఏ ఉలీ తీయలేనంత సన్నని ముళ్లున్న గుల్లలు చెక్కుచెదరకుండా తొట్టి అడుగున మిగిలాయి. ఒకే ఆమ్లం ఒకదాన్ని మింగేస్తుంది, ఇంకోదాన్ని మచ్చలేకుండా అప్పగిస్తుంది. అందుకే ముందు ఓ మూల, పనికిరాని ముక్క మీద చుక్క వేసి చూడాలి.

బంకమట్టి లాంటి రాయికి కాస్టిక్ పొటాష్ రేకులు వాడేవాళ్లున్నారు. అవి గాలిలోని తేమను పీల్చి కరిగి మట్టిని వదులు చేస్తాయి. చర్మాన్నీ అంతే సునాయాసంగా వదులు చేస్తాయి, కంట్లో పడితే చూపు పోతుంది. పిల్లలున్న ఇంట్లో ఆ డబ్బా ఉండకూడదు. ఇంతకు మించి దాని గురించి రాయను.

కష్టపడి శుభ్రం చేసినది అల్మరాలో పెట్టాక పొడైపోవడం ఈ వ్యాపకంలో అన్నిటికన్నా బాధాకరమైన సంగతి. చార్మౌత్‌లో కొన్ని అమ్మోనైట్లు పైరైట్‌గా మారి బంగారంలా మెరుస్తుంటాయి. పిల్లలు ముందు వాటినే ఏరుకుంటారు. పైరైట్ అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. గాలి, తేమ తగిలితే అది అన్నభేదిగా, గంధకామ్లంగా విడిపోతుంది. ముందు గంధకపు ఘాటు వాసన, తర్వాత తెల్లగానో పసుపుపచ్చగానో బూజులాంటి పొడి, తర్వాత పగుళ్లు. ఆ ఆమ్లం కింద ఉన్న అట్టపెట్టెను, చీటీని కూడా తినేస్తుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇది జోరందుకుంటుంది. లండన్ నుంచి విశాఖలోనో మచిలీపట్నంలోనో ఉన్న మేనల్లుడికి మెరిసే అమ్మోనైట్ కానుక తెద్దామనుకునేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి. మన కోస్తాలో ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి తేమ అంతకు మించే ఉంటుంది. పైన వార్నిష్ వేస్తే ఆగుతుందనుకోవడం భ్రమ. తేమ అప్పటికే లోపల ఉంది. బాగా ఆరబెట్టి, గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, పొట్లాలు మారుస్తుండటమే దారి.

అతికించడంలో కూడా ఓ మర్యాద ఉంది. చిటికెలో పట్టేసే సూపర్ గ్లూ అందరికీ అందుబాటులో ఉంటుంది, వాడతారు కూడా. మ్యూజియంలవాళ్లు మాత్రం పారాలాయిడ్ బి-72 అనే పలుకుల్లాంటి ప్లాస్టిక్‌ను అసిటోన్‌లో, అంటే గోళ్లరంగు తుడిచే ద్రవంలో ఉండే పదార్థంలో, కరిగించి వాడతారు. పలచగా చేస్తే పెళుసు ఎముక లోపలికి ఇంకి గట్టిపరుస్తుంది, చిక్కగా చేస్తే జిగురు. దాని గొప్పతనం అంతా ఇందులో ఉంది: ఎన్నేళ్ల తర్వాతైనా అసిటోన్ పోస్తే మళ్లీ ఊడివస్తుంది. మన తర్వాత ఎవరికైనా ఇంకా మంచి పద్ధతి తెలిస్తే మన పనిని విప్పి చేసుకోగలగాలి. వెనకటి తరాలు పూసిన వార్నిష్‌లు, గట్టిపడ్డ జిగుర్లు విప్పలేక మ్యూజియంలవాళ్లు ఇప్పటికీ తలలు పట్టుకుంటున్నారు.

దుమ్ము సంగతి ఒక్క మాటలో పోనిచ్చేది కాదు. రాతిపొడిలో సిలికా ఉంటే అది ఊపిరితిత్తుల్లో చేరి బయటికి రాదు. పలకల ఫ్యాక్టరీల్లో, క్వారీల్లో పనిచేసేవాళ్లకు వచ్చే సిలికోసిస్ మన రాష్ట్రాల్లో తెలియని జబ్బు కాదు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే చాలదు. ఎన్95 లేదా అంతకన్నా మంచి మాస్క్, కళ్లకు మూసుకుపోయే అద్దాలు, చెవులకు రక్షణ, దుమ్మును లాగేసే పంకా కావాలి. పడగ్గది బాల్కనీలో ఈ పని పెట్టుకోకూడదు.

ఎంతవరకు శుభ్రం చేయాలన్న దానిమీద వాదాలు తెగవు. నా మటుకు, గుల్లను రాయినుంచి పూర్తిగా ఊడదీసి గాజుబిళ్లలా మెరిపించడం నచ్చదు. కింద కాస్త సొంత రాయి ఉంటేనే అందం, ఆధారం కూడా. మైనం రుద్ది మెరుగుపెట్టడం సరే. లేనిది పెట్టడం మొదలైతే మాత్రం ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని విట్బీలో సెయింట్ హిల్డా పాములను రాళ్లుగా మార్చేసిందని ఓ కథ ఉంది. పాముకు తల ఉండాలి కదా అని వ్యాపారులు అమ్మోనైట్ చివర పాము తల చెక్కి అమ్మేవారు. అది అందరికీ తెలిసిన సరదా. మొరాకోలో ఎర్ఫూద్, అల్నిఫ్ చుట్టుపక్కల ఊళ్లలో కుటుంబాలకు కుటుంబాలే ట్రైలోబైట్లనే పురాతన సముద్రజీవుల శిలాజాల మీద బతుకుతున్నాయి. ఒంటినిండా ముళ్లున్న ఆ జీవులను రాయిలోంచి ముల్లు ముల్లుగా బయటికి తీసే అద్భుతమైన చేతులు అక్కడున్నాయి. విరిగిన ముల్లు స్థానంలో రెసిన్ ముల్లు పెట్టే చేతులూ, మొత్తం జీవినే అచ్చుపోసే చేతులూ అక్కడే ఉన్నాయి. అతికించిన చోటు ఇదని చెప్పి అమ్మితే మరమ్మతు, చెప్పకపోతే మోసం.

ఎంత బాగా చెక్కినా, ఎక్కడ, ఏ పొరలో, ఏ రోజు దొరికిందో రాసిన చీటీ లేకపోతే అది ఇంట్లో అలంకారం మాత్రమే. చీటీ విడిగా పోతుంది కాబట్టి రాయి అడుగున చిన్న అంకె కూడా వేసి, పుస్తకంలో ఎక్కించుకోవాలి. పెన్ను పట్టే ముందు ఓ ఫొటో, పని సగంలో ఓ ఫొటో తీసుకోవాలి.

మన దగ్గర? రాజమండ్రి చుట్టుపక్కల కాతేరు, పంగిడి వైపు లావా పొరల మధ్య చిక్కుకున్న సున్నపురాయిలో సముద్రపు గుల్లలున్నాయి. గోదావరి లోయలో యామనపల్లి దగ్గర భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ తవ్వి తీసిన ఎముకలకు 1988లో శాస్త్రవేత్త యాదగిరి ‘కోటాసారస్’ అని పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడ్డ డైనోసార్ అదే. ఇలాంటి స్థలాల్లో ఎవరు ఏరుకోవచ్చు, ఏది ఏరుకోకూడదు అని ఇంగ్లండ్‌లోలా తేల్చిచెప్పే ఏర్పాటు మనకు ఇంకా స్థిరపడలేదు. 2022లో కేంద్ర గనుల శాఖ భూ వారసత్వ స్థలాల మీద ఓ ముసాయిదా బిల్లు విడుదల చేసింది. ఈలోగా పొలంలో ఎముకలాంటి రాయి కనబడితే కదపకుండా, పక్కన ఓ రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసి, చోటు రాసుకుని, హైదరాబాద్‌లోని భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దక్షిణ ప్రాంత కార్యాలయానికో, దగ్గరి విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగానికో చెప్పడం ఉత్తమం.

చేతిపని నేర్చుకోవాలన్న ఉబలాటానికి శిలాజమే అక్కర్లేదు. బీచ్‌లో దొరికే ఆలిచిప్పను సున్నం, ఇసుక, కాస్త సిమెంటు కలిపిన ముద్దలో పూడ్చి, కొన్ని వారాలు గట్టిపడనిచ్చి, మాస్క్ పెట్టుకుని సూదితోనో ఎన్‌గ్రేవర్‌తోనో బయటికి తీయండి. సిమెంటు పాలు తగ్గిస్తే మెత్తని రాయి, పెంచితే మొండి రాయి. చిప్ప మీది గీతలు ఒక్కటీ చెడకుండా బయటికొచ్చే రోజుదాకా అసలైన గుండు కొనకండి, డబ్బులు మిగులుతాయి.